కారుకు దీపం పట్టడం

పట్టుచీర కొనేటప్పుడు మన ఆడవాళ్ళు తప్పకుండా చేసే పని ఒకటి వుంది. దుకాణంలో యెన్ని దీపాలు వెలుగుతున్నా సరే, చీరను వీధిగుమ్మం దాకా తీసుకువెళ్ళి, పగటి వెలుతురులో మడత విప్పి చూస్తారు. లోపల వంకాయరంగుగా వున్నది బయట యెరుపు తిరగవచ్చు. నలుపనుకున్నది ముదురు నీలం కావచ్చు. త్యాగరాయనగరు దుకాణాల వాళ్ళకు ఇది అలవాటే గనక యెవరూ అడ్డు చెప్పరు. వజ్రాలు పరీక్షించే వాళ్ళు కూడా పూర్వం నుంచీ ఉత్తరపు కిటికీ దగ్గర, నేరుగా యెండ పడని వెలుతురులో కూర్చుని చూసేవారు. వెలుగును బట్టి వస్తువు మారి కనిపిస్తుందన్న సంగతి ఇట్లా అందరికీ తెలిసినదే. అయినా లక్షలు పోసి కొన్న కారును మాత్రం మేడ కింద చీకట్లో నిలిపి, గుడ్డతో నాలుగుసార్లు తుడిచి, తళతళలాడుతోందని తృప్తిపడతాము.

ఆ తళతళ యెంతవరకు నిజం అన్న ప్రశ్న మా ఇంట్లో ఒక పెళ్ళి మూలంగా వచ్చింది. మా అన్నయ్య 2012లో ఒక నల్లకారు కొన్నాడు. ఆయన పోయిన తరవాత అది వదినగారి దగ్గరే వుంది. నడిపేది ఆయన కొడుకు. మొన్న మాఘమాసంలో ఆయన కూతురి పెళ్ళి కుదిరినప్పుడు, కల్యాణమంటపానికి నాన్న కారులోనే వెళతాను గాని, పూలు కట్టిన అద్దెకారు యెక్కనని ఆ పిల్ల పట్టుబట్టింది. సరే, కారు పెళ్ళికళ తెచ్చుకోవాలి. మా వాడు పాలిషు డబ్బాలు, తిరిగే మిషను, ఒక డజను మెత్తటి గుడ్డలు తెచ్చి, "బాబాయ్, రెండు ఆదివారాలు నాకు సాయం చెయ్యి, కొత్తకారు చేసి చూపిస్తాను" అన్నాడు.

"ముందు దీపం సంగతి చూద్దామురా, పాలిషు సంగతి తరవాత" అన్నాను.

ఇది చాదస్తం కాదు. కారు రంగు యెంత పలచన వస్తువో తెలిస్తే మీరూ అదే మాట అంటారు. ఇనుపరేకు మీద మొదట తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమరు, దాని మీద అసలు రంగు, అన్నిటికంటె పైన రంగులేని గాజులాంటి వార్నీషు పొర వుంటాయి. ఈ పై పొరను క్లియర్ కోటు అంటారు. అన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మందమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అందులో క్లియర్ కోటు వాటా సుమారు 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు వుంటుంది. అంటే వెంట్రుక మందం కూడా లేని పొర యెండకూ, వానకూ, కాకి రెట్టకూ, ఉప్పుగాలికీ అడ్డంగా నిలబడుతున్నదన్న మాట. యెండలోని హానికరమైన కిరణాలను పీల్చుకునే మందు కూడా ఆ పొరలోనే కలిపి వుంటుంది.

పాలిషు పెట్టడమంటే ఆ పొరకు యేదో పూయడం కాదు. అరగదీయడం. గీత అడుగు దాకా చుట్టూ వున్న పొరను తగ్గిస్తే గీత మాయమవుతుంది. రకాన్ని బట్టి ఒక్కసారి పాలిషుకు ఒకటి మొదలు నాలుగైదు మైక్రాన్ల దాకా పోతుంది. పోయినది తిరిగి రాదు. పాత అంబాసిడరు కార్లకు, పద్మినీ కార్లకు ఈ గాజుపొర లేదు. రంగే పైన వుండేది గనక పాలిషు గుడ్డకు ఆ రంగు అంటుకునేది. చూసి చెయ్యి ఆపేవారు. ఇప్పటి కార్లలో అరిగేది రంగులేని పొర. గుడ్డ మీద యే జాడా కనబడదు. కాబట్టి చేతికి హద్దు చెప్పవలసింది కన్నే, కంటికి తోవ చూపవలసింది దీపమే.

ఇక వెలుగు సంగతి. మా వదినగారి మేడ కింద కారు నిలిపే చోట రెండు ట్యూబులైట్లు వున్నాయి. వాటి కింద కారు నిగనిగలాడుతోంది. ఒక్క గీత లేదు. "చూశావా, పెద్దగా పనే లేదు" అన్నాడు మా వాడు. రెండు ట్యూబులైట్లూ ఆర్పించి, చిన్న టార్చి వెలిగించి, బానెట్టుకు మూరెడు దూరంలో పట్టాను. టార్చి వెలుగు పడిన చోటు చుట్టూ సాలెగూడులాగా వందలకొద్దీ సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదానిలో ఒకటిగా లేచినాయి. టార్చి జరిపితే గూడు దానితోపాటే జరిగింది. కారంతా అదే.

"బాబాయ్, కారు పాడైపోయింది" అన్నాడు.

"పాడవలేదురా, కనబడింది" అన్నాను.

గీతలు నిజంగా గుండ్రంగా వుండవు. మీ వంటింట్లో స్టీలు పళ్ళెం ఒకటి తీసి యెండలో పట్టి చూడండి. తళుక్కుమనే చుక్క చుట్టూ వలయాలు కనిపిస్తాయి. పళ్ళెం తిప్పినా వలయాలు ఆ చుక్క చుట్టూనే వుంటాయి. తోమిన చెయ్యి యెటు పోతే అటు, అన్ని దిక్కులకూ గీతలు పడి వుంటాయి. అయితే ప్రతి గీతా తనకు అడ్డంగా వచ్చిన వెలుగునే మన కంటికి తిప్పగలదు. తళుకు చుట్టూ వలయంగా అమరిన గీతలు మాత్రమే వెలుగును కంటికి చేరుస్తాయి, మిగతావి చీకట్లో వుండిపోతాయి. దీపాన్ని జరిపితే ఇంతకుముందు దాగినవి బయటపడతాయి. అందుకే దీపం ఒకచోట నిలిపి చూస్తే సగం గీతలు దొరకవు. దీపమైనా కదలాలి, మనిషైనా కదలాలి.

ట్యూబులైటు ఆ గీతలను యెందుకు దాచింది? పొడుగాటి దీపం, తెల్లటి గోడలు, పై కప్పు, వీటన్నిటి నుంచీ వెలుగు అన్ని వైపుల నుంచి వచ్చి గీతల లోయలను నింపేస్తుంది. నీడ లేకపోతే గీత లేదు. మబ్బు పట్టిన రోజున ప్రతి కారూ కొత్తగా కనిపించడానికి కారణం ఇదే. సన్నగీతలు వెతకాలంటే చిన్నదీ, ఒక్కటీ అయిన దీపం కావాలి. తక్కిన దీపాలన్నీ ఆర్పాలి. మరీ పెద్ద దీపం అక్కరలేదు. కళ్ళు చెదిరే కాంతి తెచ్చి దగ్గరగా పెడితే కన్ను ముడుచుకుని సన్నగీతలు అసలే కనబడవు. చేతి ఫోనులో వున్న టార్చి కూడా ఈ పనికి చాలు.

అల్లాగని ట్యూబులైటు పనికిరానిదేమీ కాదు. దాని పని వేరు. తలుపు రేకు మీద ట్యూబులైటు ప్రతిబింబం పడేట్టు నిలబడి చూడండి. రేకు చదునుగా వుంటే వెలుగుగీత నిటారుగా వుంటుంది. సొట్ట వున్న చోట ఆ గీత వంకర తిరుగుతుంది, పాములా నడుస్తుంది. రంగు చెడకుండా వెనక నుంచి నొక్కి సొట్టలు తీసే పనివాళ్ళు ఇట్లాంటి నిలువు వెలుగుచారలను చూసుకుంటూనే పని చేస్తారు. ఆ ప్రతిబింబపు అంచు స్ఫుటంగా లేక చిన్న చిన్న గుంటలుగా, నారింజ తొక్కలాగా కనిపిస్తే అది గీతల దోషం కాదు, రంగు పిచికారీ చేసినప్పుడే వచ్చిన తీరు. ఫాక్టరీ నుంచి వచ్చిన కార్లకు కూడా కొంత వుంటుంది. దాన్ని పాలిషుతో చదును చేయబోయేవాడు పలచటి పొరను వూరికే తగలేసుకుంటాడు.

మూడవది యేటవాలు దీపం. గోడకు పుట్టీ పెట్టే పనివాడు బల్బు చేత్తో పట్టుకుని గోడకు ఆనించినట్టుగా పక్క నుంచి చూడటం మీరు గమనించే వుంటారు. యెదురుగా చూస్తే నున్నగా వున్న గోడ, పక్క నుంచి వెలుగు పడితే గుట్టలు, పల్లాలు చూపిస్తుంది. కారు మీద కూడా అంతే. రంగులో ఇరుక్కున్న దుమ్ము రేణువులు, బోరునీళ్ళు ఆరిపోయి మిగిల్చిన తెల్లటి సున్నపు చుక్కలు, పక్షి రెట్ట తిన్న గుంటలు ఈ యేటవాలు వెలుగులోనే దొరుకుతాయి. సరళంగా చెప్పాలంటే గీతకు చుక్కదీపం, సొట్టకు గీతదీపం, చుక్కకు వాలుదీపం.

దీపం రంగు కూడా చూసుకోవాలి. దాన్ని కెల్విన్లలో చెబుతారు. పాతకాలపు బల్బు పసుపు వెలుగు సుమారు 2700, మధ్యాహ్నపు యెండ సుమారు 5500, మబ్బుపగలు ఇంకా పైన. అంకె పెరిగినకొద్దీ వెలుగు నీలానికి తిరుగుతుంది. నల్లకారు మీద తెల్లటి వెలుగులో గీతలు బాగా తేలాయి. తెల్లకారు, వెండిరంగు కారు అయితే తెల్లటి వెలుగులో తెల్లటి గీత కలిసిపోతుంది. అక్కడ కొంచెం పసుపు తిరిగిన దీపం కంటికి తేడా చూపిస్తుంది. ఇది గాక డబ్బాల మీద సి.ఆర్.ఐ. అని ఇంకొక అంకె వుంటుంది. వస్తువుల రంగులను దీపం యెంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే కొలత అది. దానికి గరిష్ఠం 100. గీతలు వెతకడానికి దానితో పెద్ద అవసరం లేదు. రంగులు సరిపోల్చడానికి మాత్రం 90 దాటిన దీపం కావాలి.

రంగులు సరిపోల్చే అవసరం యెప్పుడొస్తుందంటారేమో. మా వీధిలో ఒక కుటుంబం వాడిన కారు కొనబోతూ నన్ను వెంట రమ్మన్నారు. అమ్మేవారు రాత్రి యేడు గంటలకు రమ్మన్నారు. కారు కడిగి, మెరుగు నూనె రాసి, దీపాల వరసల కింద నిలిపారు. ముచ్చటగా వుంది. పగలు పన్నెండింటికి మళ్ళీ వస్తామని చెప్పి తిరిగివచ్చాము. మర్నాడు యెండలో చూస్తే యెడమ వెనక తలుపు పక్క తలుపు కంటే ఒక పిసరు పచ్చన తిరిగి వుంది. రెండు వేర్వేరు రంగుమిశ్రమాలు ఒక దీపం కింద ఒకటిగా, మరొక దీపం కింద వేరుగా కనిపించడం ప్రకృతి ధర్మం. ఆ తలుపుకు టింకరింగు జరిగి, మళ్ళీ రంగు పడిందన్న మాట. రంగు మందం కొలిచే చిన్న పరికరం పెడితే మిగతా రేకుల మీద నూటపాతికకు అటూ ఇటూ వున్న అంకె ఆ తలుపు మీద నాలుగువందలు దాటింది. అడిగితే అమ్మేవారు దెబ్బ సంగతి ఒప్పుకున్నారు. ధర తగ్గింది. తగ్గిన డబ్బుతో ఆ ఇంటి పిల్లవాడి కాలేజీ ఫీజులో ఒక వాయిదా తీరింది. వాడిన కారును రాత్రిపూట, వానలోనూ, తడి మీదా చూడకూడదని అప్పటి నుంచి అడిగినవారికల్లా చెబుతున్నాను.

మెరుగు నూనె మాట వచ్చింది గనక ఇంకొకటి. చాలా పాలిషుల్లో నూనెలూ మైనాలూ వుంటాయి. అవి గీతల్లో నిండి కొద్దివారాల పాటు గీత లేనట్టు నటిస్తాయి. పాలిషు పెట్టిన తరవాత ఐసోప్రోపైల్ ఆల్కహాలును నీళ్ళతో పలచన చేసి మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచి, అప్పుడు దీపం పట్టాలి. గీత నిజంగా పోయిందో, కప్పుకుందో తేలిపోతుంది. ఆఖరి తీర్పు యెండదే. మిషను తిప్పిన జాడలు నీడలో దాగి, యెండలో మాత్రం పొగచారల్లాగా బయటపడతాయి. యెండలో చూడాలి గాని యెండలో పని చేయకూడదు. వేడెక్కిన రేకు మీద పాలిషు యెండి అంటుకుపోతుంది, నీళ్ళు మచ్చలు కడతాయి.

కరెంటు దీపాలు వాడేవారు జాగ్రత్త పడవలసిన సంగతి ఒకటుంది. కారు కడిగిన నేల తడిగా వుంటుంది. అతుకులు వేసిన తీగెను ఆ తడిలో యీడ్చుకుంటూ తిరగడం ప్రాణాలతో చెలగాటం. బ్యాటరీ దీపం వాడటం మేలు. పాతరకం హాలొజన్ దీపాలు చెయ్యి కాల్చడమే గాక బంపరు ప్లాస్టిక్కును, రంగును కూడా వేడికి చెడగొట్టగలవు. ఎల్ఇడి దీపాలకు అంత వేడి లేదు.

ఇంతకీ ఆ గీతలు యెవరు గీశారు? దొంగలు కారు, దుష్టులు కారు. రోజూ పొద్దున్నే వచ్చి ఒకే బకెట్టు నీళ్ళతో పది కార్లు తుడిచే కుర్రవాడూ, దుమ్ము మీద పొడిగుడ్డ ఆడించే మనమూ. దుమ్ము అంటే సన్న ఇసుకే. పొడిగుడ్డ దాన్ని రంగు మీద రుద్దుతుంది. ముందు ధారాళంగా నీళ్ళు పోసి దుమ్ము జారనిచ్చి, తరవాత సబ్బునీటి గుడ్డ పెట్టి, గుడ్డను వేరే బకెట్టులో జాడించుకుంటూ వుంటే సగం గీతలు పుట్టవు. మా వదిన ఆ కుర్రవాణ్ణి మాన్పించలేదు. రెండో బకెట్టు కొనిచ్చి, నాలుగు గుడ్డలు ఇచ్చింది. నెలజీతంలో కొంత పెంచింది కూడా. పాలిషు డబ్బాల ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

మొదటి ఆదివారం బానెట్టు, పై కప్పు అయినాయి. సన్నటి పాలిషుతో ఒక్కసారి తిప్పితే సాలెగూడు చాలావరకు పోయింది. నల్లరంగు బావినీళ్ళలాగా లోతుగా కనిపించింది. మా వాడికి ఉత్సాహం వచ్చింది. ఆ ఉత్సాహంతోపాటు టార్చి జబ్బు కూడా వచ్చింది. మిగిలిన ఒకటీ అరా గీతల కోసం మళ్ళీ మళ్ళీ దీపం పడుతున్నాడు. కొలత పరికరం తెచ్చి పెడితే పై కప్పు మీద అంకె తలుపుల మీదికంటే అప్పటికే తక్కువ. యెండ అంతా పడేది అక్కడే. గాజుపొర మరీ పలచబడితే కొన్నాళ్ళకు పొలుసులుగా లేచి, తెల్లటి మచ్చలు పడుతుంది. దానికి మందు లేదు, మళ్ళీ రంగు వేయించడమే. "గోరు పెట్టి చూడు" అన్నాను. గీతకు అడ్డంగా గోరు నడిపితే తట్టుకుంటే అది పాలిషుకు లొంగే లోతు కాదు, వదిలేయాలి. తట్టుకోకపోతే ఒకసారి ప్రయత్నించి చాలించాలి. వాడు బుద్ధిమంతుడు, చాలించాడు.

రెండో ఆదివారం తలుపుల వంతు. నడిపేవారి వైపు తలుపు పిడి వెనక గిన్నెలాగా లోతుగా వుంటుంది చూడండి, వేళ్ళు దూర్చే చోటు. అక్కడ టార్చి పడగానే విసనకర్ర విప్పినట్టు పాతికో ముప్ఫైయో గీతలు, అన్నీ ఒకే వంపులో, ఒకే యెత్తులో కనబడ్డాయి. మిగతా మూడు తలుపులకూ అట్లా లేదు. మా వాడు పాలిషు వేలికి అద్దుకుని వంగాడు. మా వదిన కాఫీ గ్లాసులు తీసుకుని అప్పుడే కిందికి వచ్చింది. ఒక్క నిమిషం చూసి, "అవి తియ్యకురా. మీ నాన్న వుంగరం గీతలు" అంది.

నిజమే. మా అన్నయ్య కుడిచేతి ఉంగరపు వేలికి నవరత్నాల వుంగరం వుండేది. తలుపు తీసిన ప్రతిసారీ ఆ వుంగరం అక్కడ రాసుకున్నది. యేళ్ళ తరబడి ఆయన ఆఫీసుకు వెళ్ళిన ప్రొద్దులు, ఆస్పత్రికి వెళ్ళిన ప్రొద్దులు కూడా అక్కడ గీసి వున్నాయి. టార్చి పట్టకపోతే యెవరికీ తెలిసేవి కావు. వాడు వేలు గుడ్డకు తుడిచేసుకున్నాడు. యెవ్వరమూ యేమీ మాట్లాడలేదు. కాఫీ తాగి, వెనక తలుపు దగ్గరికి వెళ్ళి పని సాగించాము. పెళ్ళినాడు కారు బాగుందని అందరూ అన్నారు. పెళ్ళికూతురికి తమ్ముడు ఆ సంగతి చెప్పివుంటాడు కాబోలు, యెక్కేముందు ఇటువైపు తిరిగి వచ్చి ఆ పిడిలో చెయ్యి పెట్టి చూసుకుంది.

దోషం వెతికే దీపం వేరు, వాడుకునే దీపం వేరు. కారును వీధిలో నలుగురూ చూసేది నాలుగడుగుల అవతల నుంచి, పగటి వెలుతురులో. చుక్కదీపం మూరెడు దూరంలో పట్టి చూస్తే మచ్చలేని కారు లోకంలో వుండదు, ఆ మాటకొస్తే మచ్చలేని మనిషీ వుండడు. అయినా ఆ దీపం లేకుండా పని మొదలుపెడితే యెంత అరగదీస్తున్నామో తెలియదు. అది పట్టుకునే కూర్చుంటే యెక్కడ ఆపాలో తెలియదు. అందుచేత కారు వున్నవాళ్ళు మంచి టార్చి ఒకటి తప్పక కొనుక్కోవలసిందే. దాన్ని ఆర్పడానికి మీట కూడా వుంటుందన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు.